కోవిడ్ పేపర్ల లెక్క: ఒక జిల్లా బోధనాసుపత్రి కేసు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్న బోధనాసుపత్రుల్లో ఒకటి కోవిడ్ మీద ఎంత పరిశోధన చేసిందో, దానికి బయట ఎంత గుర్తింపు వచ్చిందో తేల్చమని నాకు అప్పగించిన పని ఇది. నేను వృత్తిరీత్యా మెడికల్ లైబ్రేరియన్‌ని. ప్రచురించిన పరిశోధనా పేపర్లనూ, వాటికి వచ్చిన సైటేషన్లనూ (ఇతర పేపర్లు వాటిని ఎన్నిసార్లు ఉటంకించాయన్నది) లెక్కగట్టి చూసే బిబ్లియోమెట్రిక్ పని చాలాకాలంగా చేస్తున్నాను. పెద్ద సంస్థల కోసం తయారైన పద్ధతులు చిన్న ఆసుపత్రి దగ్గరకు వచ్చేసరికి ఎక్కడెక్కడ జారిపోతాయో ఈ కేసులో వరసగా కనిపించింది. అందుకే రాసిపెడుతున్నాను.

ఆసుపత్రి పేరు చెప్పను. పేపర్ల సంఖ్య, సైటేషన్ల మొత్తం కూడా ఇవ్వను. ఇవి ఎవరైనా వెతుక్కోగలిగిన వివరాలు. ఖచ్చితమైన సంఖ్య ఒక్కటి దొరికితే చాలు, ఏ ఆసుపత్రో కాసేపట్లో కనిపెట్టేయొచ్చు. పేరు తీసేసి సంఖ్యలు ఉంచేసిన కేస్ స్టడీలు చాలా చూశాను. వాటిలో గోప్యత పేరుకే ఉంటుంది.

నేపథ్యం

2020లో రాష్ట్రమంతా కేసులు వస్తున్నా ఈ రెండు జిల్లాలు చాలా రోజులు ఖాళీగా ఉన్నాయి. శ్రీకాకుళంలో తొలి కేసులు ఏప్రిల్ చివరి వారంలో, విజయనగరంలో మే నెలలో నమోదయ్యాయి. అప్పట్లో అది మనకు ఊరట. పేపర్ల లెక్కలోకి వచ్చేసరికి మాత్రం ఈ తేదీలకు వేరే అర్థం ఉంది. కోవిడ్ మీద అత్యధికంగా సైటేషన్లు పొందిన పేపర్లలో చాలా భాగం 2020 మొదటి సగంలో వచ్చినవే. ఎవరికీ ఏమీ తెలియని రోజుల్లో ఏది అచ్చయితే దాన్నే అందరూ ఉటంకించారు. ఆ ఊపుకు పత్రికల లెక్కలే తారుమారయ్యాయి. ప్రముఖ వైద్య పత్రిక ది లాన్సెట్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ పత్రిక పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్క) 2020కి 79 దగ్గర ఉంటే, 2021కి 202 దాటింది. సరిగ్గా ఆ నెలల్లో మన ఆసుపత్రిలో రోగులే లేరు. సొంత రోగుల మీద పేపర్ రాయాలంటే కేసులు పోగవ్వాలి, ఫాలోఅప్ కావాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అవన్నీ అయ్యేసరికి 2021 వచ్చేసింది, దానితోపాటు రెండో వేవ్ కూడా. కాబట్టి ఇక్కడి పేపర్లకు సైటేషన్లు తక్కువ వచ్చాయంటే అందులో నాణ్యత పాత్ర ఎంత, తేదీ పాత్ర ఎంత అన్నది ముందే విడదీసుకోవాలి. పని మొదలుపెట్టే ముందే డీన్ గారికి ఈ మాట రాసి ఇచ్చాను.

వచ్చిన సమస్య

నా దగ్గరకు వచ్చేసరికే వాళ్ల చేతిలో రెండు జాబితాలున్నాయి. ఒకటి బయటి ఏజెన్సీ, పరిశోధనా పేపర్ల డేటాబేస్ అయిన స్కోపస్ నుంచి తీసి ఇచ్చిన రిపోర్టు. రంగురంగుల మ్యాపులు, భారీ సైటేషన్ మొత్తం, హెచ్-ఇండెక్స్ (ఇది 3 అంటే, కనీసం మూడేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు మూడు ఉన్నాయని), చివర్లో ‘అంతర్జాతీయ స్థాయి ప్రభావం’ అని ఒక వాక్యం. రెండోది డిపార్ట్‌మెంట్లు తమంతట తాము రాసిచ్చిన జాబితా. ఏజెన్సీ లెక్క కంటే అది చాలా పొడవు. రెండింట్లోనూ కామన్‌గా ఉన్న పేపర్లు మాత్రం కొద్దే. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్‌కు పంపే ఫైల్ కోసం ఒక లెక్క కావాలి. దాంతోపాటు రీసెర్చ్ సెల్‌కు ఉన్న కాస్త డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో తేల్చాలి. డీన్ గారి అసలు అవసరం ఈ రెండోదే.

మొదటి మీటింగులో జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్ మేడం ఏజెన్సీ రిపోర్టు తిరగేసి, ‘‘రెండేళ్లు వార్డు నడిపింది మేం కదా. మా డిపార్ట్‌మెంట్ పేరే లేదేటండీ ఇందులో?’’ అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని రిపోర్టు ఎంత అందంగా ఉన్నా పనికిరాదని అక్కడే అర్థమైంది.

అఫిలియేషన్‌తో వెతకడం

ఎవరైనా చేసేది ముందు ఇదే. డేటాబేస్‌లో అఫిలియేషన్, అంటే రచయిత తనదిగా రాసుకున్న సంస్థ పేరు, పెట్టి వెతుకుతారు. స్కోపస్ ప్రతి సంస్థకూ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. దాన్ని నొక్కితే ఆ సంస్థ పేపర్లన్నీ రావాలి. ఎయిమ్స్ లాంటి చోట్ల దాదాపు అలాగే వస్తాయి. ఇక్కడ రాలేదు.

కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ మనవే. ఇంగ్లీషులో విజయనగరాన్ని ‘జెడ్’తో రాయడం ఆనవాయితీ. ‘జి’ తర్వాత ‘ఎ’ ఒకరు రాస్తారు, ఒకరు రాయరు. కొందరు ‘జె’ పెట్టి పలికినట్టే రాస్తారు. అలా వెతికితే బళ్లారిలోని విజయనగర పేరున్న వైద్య సంస్థ పేపర్లు వచ్చి పడతాయి. పొట్టి పేర్లు ఇంకా ఘోరం. రిమ్స్ అంటే ఇంఫాల్, రాంచీ, కడప, ఒంగోలు, ఆదిలాబాద్, శ్రీకాకుళం. మిమ్స్ అంటే నెల్లిమర్ల, మండ్య, కోళికోడ్. ఈ రెండు జిల్లాల్లో ఏ ఆసుపత్రిని తీసుకున్నా ఏదో ఒక రూపంలో ఈ బాధ తప్పదు. కొందరు రచయితలు కాలేజీ పేరు వదిలేసి, అనుబంధ విశ్వవిద్యాలయం పేరు మాత్రమే రాశారు. విజయవాడలోని ఆ ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో ఎన్టీఆర్ పేరు నుంచి వైఎస్సార్ పేరుకు మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకే వచ్చింది. ఒకే సంస్థ రెండు పేర్లతో చలామణీ అయ్యిందన్నమాట.

పేరు రూపాలన్నీ కలిపి పెద్ద సెర్చ్ రాశాను. చెత్త ఎక్కువ వచ్చింది, కావలసినవి ఇంకా కొన్ని రాలేదు. మామూలుగా ఇలాంటప్పుడు సెర్చ్‌ను ఇంకాస్త చెక్కుతారు. నేను అక్కడ ఆగిపోయాను. రచయిత అఫిలియేషన్‌లో రాయనే రాయని పేరును ఎంత తెలివైన సెర్చ్ అయినా పట్టుకోలేదు. లోపం మూలంలో ఉంది. మూలాన్నే మార్చాలి.

వ్యాధి పేరు

ఇది కాస్త సులువుగానే తేలింది. కోవిడ్-19 అన్న పేరును డబ్ల్యూహెచ్‌వో 2020 ఫిబ్రవరి 11న ప్రకటించింది. అంతకు ముందు రాసినవాటిలో వేరే పేర్లుంటాయి. వైద్య పేపర్ల ఉచిత డేటాబేస్ పబ్‌మెడ్ వాడే మెష్ అన్న ప్రామాణిక పదజాలంలో కోవిడ్-19 పూర్తి స్థాయి శీర్షికగా వచ్చింది 2021లో. ఈ ఆసుపత్రి పేపర్లు ఆలస్యంగా వచ్చినవే కాబట్టి పాత పేర్ల బెడద తక్కువ. ఇబ్బంది పెట్టింది వేరేవి. లాక్‌డౌన్‌లో ఆపరేషన్లు ఎంత తగ్గాయన్న పేపర్ శీర్షికలో కోవిడ్ మాట లేకపోవచ్చు, ‘పాండమిక్’ అని ఊరుకుంటారు. మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) పేపర్లలో కొన్ని కోవిడ్‌ను సారాంశంలో ఎక్కడో ఒక్కసారి తలుస్తాయి. వేలల్లో ఉంటే నియమం పెట్టుకుని కంప్యూటర్‌కు వదిలేయాలి. ఇక్కడ అన్నీ కూర్చుని చదవగలిగినన్నే. అందుకని వల వెడల్పుగా వేసి, ఒక్కొక్కటీ చదివి ఏరాను.

మ్యాపులు ఎందుకు పక్కన పెట్టాను

బిబ్లియోమెట్రిక్ రిపోర్టు అనగానే అందరూ అడిగేది కీవర్డ్ మ్యాప్, అంటే పేపర్లలో ఏ పదాలు కలిసి వస్తాయో చూపే బొమ్మ. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన వీఓఎస్‌వ్యూయర్ అన్న సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఫైల్ ఎక్కిస్తే కాసేపట్లో బుడగలు, గీతలు వచ్చేస్తాయి. ఏజెన్సీ రిపోర్టులో సగం పేజీలు ఇవే.

నేను కూడా వేసి చూశాను. మధ్యలో అన్నింటికంటే పెద్ద బుడగ: ‘హ్యూమన్’. దాని చుట్టూ ‘ఫీమేల్’, ‘మేల్’, ‘అడల్ట్’. ఇవి రచయితలు ఇచ్చిన కీవర్డులు కావు, స్కోపస్ తన పదజాలం నుంచి ప్రతి వైద్య పేపర్‌కూ తగిలించేవి. వాటిని తీసేసి రచయితల కీవర్డులే ఉంచితే, ఒక పదం కనీసం 5 పేపర్లలో ఉండాలన్న డిఫాల్ట్ నిబంధన దాటి నిలిచినవి కోవిడ్‌కు ఉన్న రకరకాల స్పెల్లింగులే. నిబంధనను రెండుకు తగ్గిస్తే మ్యాప్ నిండింది. కానీ ఒకే రచయితల బృందం రెండు పేపర్లు రాస్తే అదొక ‘పరిశోధనా క్లస్టర్’ అయిపోతోంది. వేల పేపర్ల గుంపులో చదవకుండానే ఆకారం చూపించడానికి ఈ సాధనం పుట్టింది. మొత్తం చదివేయగలిగినప్పుడు దాని అవసరమే లేదు. రిపోర్టులో ఒక్క మ్యాపూ పెట్టలేదు. రీసెర్చ్ సెల్‌లో దీనికి కొంచెం నిరాశపడ్డారు. రంగు బొమ్మ లేకపోతే పని చేసినట్టు ఉండదని ఒకరు మొహం మీదే అన్నారు.

సైటేషన్ల గొడవ

అసలు చిక్కు ఇక్కడుంది. ఏజెన్సీ చూపించిన భారీ సైటేషన్ మొత్తం దాదాపు అంతా ఒకే ఒక్క బహుళ కేంద్రాల పేపర్ నుంచి వచ్చింది. అనేక దేశాల ఆసుపత్రులు కలిసి డేటా పంపిన అధ్యయనం అది. మన ఆసుపత్రి నుంచి ఒకరిద్దరి పేర్లు ఆ పొడవాటి జాబితాలో ఎక్కడో ఉన్నాయి.

కోవిడ్ కాలంలో ఇలాంటి పేపర్లు చాలా వచ్చాయి. కోవిడ్‌సర్జ్, గ్లోబల్‌సర్జ్ బృందాల పేపర్ ఒకటి 15,025 మంది రచయితలతో గిన్నిస్ రికార్డుకెక్కింది. మన దేశంలో ఐసీఎంఆర్ నడిపిన ప్లాస్మా థెరపీ ట్రయల్ ప్లాసిడ్‌లో 39 ఆసుపత్రులు కలిసి 464 మంది రోగులను చేర్చాయి. దాని ఫలితం 2020లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. అలాంటి పనిలో ఒక ఆసుపత్రి వాటా ఎంత అంటే ఏం చెప్పాలి?

మొత్తం సైటేషన్లు ఎలా మోసం చేస్తాయో డీన్ గారికి ఊహా సంఖ్యలతో చూపించాను. ఐదు పేపర్లకు వరుసగా 400, 6, 4, 2, 1 సైటేషన్లు అనుకుందాం. మొత్తం 413. అందులో 400 ఒక్కదానివే. ఆ ఒక్కటి తీసేస్తే మిగిలేది 13. హెచ్-ఇండెక్స్ చూస్తే 400 ఉన్నప్పుడు 3, తీసేస్తే 2. అంటే మొత్తం ఆ ఒక్క పేపర్‌తోనే ఊగుతుంది, హెచ్-ఇండెక్స్‌కు అది దాదాపు కనబడదు. మిగతా నాలుగు పేపర్ల గురించి ఈ రెండింటిలో ఏదీ మనకు చెప్పేది లేదు.

ఆ తర్వాత వాటాలు పంచి చూశాను. పేపర్‌ను రచయితల సంఖ్యతో భాగించి మన వాటా మాత్రమే లెక్కించే పద్ధతి ఇది. ఇప్పుడు ఆ పెద్ద పేపర్ విలువ దాదాపు సున్నా. సమస్య తీరినట్టే అనిపించింది. కానీ ఆ అధ్యయనానికి రోగుల వివరాలు పంపిన సర్జన్ మాట్లాడాక మళ్లీ ఆలోచించాల్సి వచ్చింది. పీపీఈ కిట్‌లోనే చేసిన ఆపరేషన్ల వివరాలను రాత్రిళ్లు కూర్చుని ఫారాల్లో నింపారాయన. ఆ పనికి పదివేలలో ఒక వంతు అని రాయడం అన్యాయం. పైగా ఇలాంటి బృందాల్లో కొందరి పేర్లు పబ్‌మెడ్‌లో రచయితల కింద ఉండవు, సహకరించినవారి జాబితాలో వేరేగా ఉంటాయి. అక్కడ భాగించడానికి కూడా ఏమీ లేదు.

చివరికి ఇలాంటి పేపర్లనూ సొంత పేపర్లనూ కలిపి కొలిచే సూత్రం వెతకడం మానేశాను. ఇతరుల ప్రణాళికలో మన భాగస్వామ్యం అని ఒక పట్టిక. సొంత ప్రణాళిక, సొంత రోగులు అని మరో పట్టిక. రెండింటి సైటేషన్లను ఎక్కడా కూడలేదు.

పని చేసిన దారి

పేపర్ల నుంచి మొదలుపెట్టడం మానేసి మనుషుల నుంచి మొదలుపెట్టాను. 2020 నుంచి 2023 వరకు పనిచేసిన ఫ్యాకల్టీ, సీనియర్ రెసిడెంట్లు, పీజీల జాబితా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ నుంచి తీసుకున్నాను. బదిలీ అయినవాళ్లు, చదువు ముగించి వెళ్లిపోయినవాళ్లు కూడా అందులో ఉండాలని పట్టుబట్టాను. కోవిడ్ వార్డులో ఎక్కువ పని చేసింది వాళ్లే, పేపర్ అచ్చయ్యేసరికి వేరే ఊళ్లో ఉన్నదీ వాళ్లే.

మన పేర్లతో డేటాబేస్‌లకు పడదు. ఇంటిపేరు ముందు రాస్తే ఒక మనిషి, వెనక రాస్తే ఇంకో మనిషి. శ్రీనివాసరావు గారు ఒక పేపర్‌లో రావు ఎస్ అయ్యారు, మరో పేపర్‌లో ఆయన ఇంటిపేరే మొదటి పేరైపోయింది. రావు, కుమార్, లక్ష్మి అని వెతికితే దేశమంతా వస్తుంది. ఒక్కో రచయితకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఆర్కిడ్, ఉన్నవాళ్లు తక్కువ. అందుకని ఒక్కొక్కరి పేరుకూ దొరికిన పేపర్ల షీటు వాళ్లకే పంపి, ‘మీదైతే టిక్ పెట్టండి, లేనివి చేర్చండి’ అన్నాను. వెళ్లిపోయిన పీజీలను పట్టుకోవడానికి వాళ్ల బ్యాచ్ వాట్సాప్ గ్రూపులే దిక్కయ్యాయి. దీంతో రెండు జాబితాల మధ్య తేడా దాదాపు విప్పుకుంది. స్కోపస్‌లో లేని పత్రికల్లోని పేపర్లు, వేరే ఆసుపత్రికి వెళ్లాక కొత్త చిరునామాతో అచ్చయినవి, ప్రిప్రింట్‌గా (పత్రికలో రాకముందు ఆన్‌లైన్‌లో పెట్టిన రూపంలో) ఒకసారి, పత్రికలో మరోసారి లెక్కలోకొచ్చినవి బయటపడ్డాయి.

అయినా ఒక లోటు ఉంది. అచ్చయినవి తెలిశాయి. ఎన్నిట్లోంచి అచ్చయ్యాయి? హారం లేకుండా లవం ఒక్కటే చూస్తే ఏం తెలుస్తుంది? దీనికి జవాబు ఏ డేటాబేస్‌లోనూ ఉండదు. ఎథిక్స్ కమిటీ రిజిస్టర్‌లో ఉంది. ఏ పరిశోధనకైనా అక్కడ అనుమతి ఉండాల్సిందే కాబట్టి కోవిడ్ ప్రతిపాదనలన్నీ తేదీతో, పేరుతో అందులో ఉన్నాయి. ఆ సెక్షన్ గుమస్తా గారు రిజిస్టర్ బల్ల మీద పెట్టి, ‘‘ఇవన్నీ ఎవరూ అడగనేలేదండీ ఇన్నాళ్లూ’’ అన్నారు. దానికి పీజీ థీసిస్ శీర్షికల జాబితా, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఈ ఆసుపత్రి పేరున్న నమోదులు కలిపాను.

ఇక్కడ కేసు మలుపు తిరిగింది. అనుమతి పొందిన కోవిడ్ అధ్యయనాల్లో పేపర్‌గా మారనివే ఎక్కువ. అందులోనూ మెడిసిన్, పల్మనాలజీ, అనస్థీషియా విభాగాలవి ఎక్కువ. మేడం అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. వార్డు నడిపినవాళ్లు పరిశోధన మొదలుపెట్టారు. పూర్తిచేసి రాసే తీరిక వాళ్లకు దొరకలేదు. వార్డుకు దూరంగా ఉన్న విభాగాలకు 2020లో తీరిక దొరికింది. విద్యార్థులకు గూగుల్ ఫారమ్ పంపి, వాళ్ల అవగాహన, టెన్షన్ కొలిచే సర్వేలు అందుకే అన్ని వచ్చాయి. ఏజెన్సీ లెక్క శ్రమను కొలిచానని చెప్పి తీరికను కొలిచింది.

బీరువాలో ఉండిపోయిన థీసిస్‌లలో డయాలసిస్ రోగుల్లో కోవిడ్ గురించి ఒకటి చూసి ఆగిపోయాను. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు రావాల్సిన మనిషి లాక్‌డౌన్‌లో ఎలా వచ్చాడు, వచ్చినవాళ్లలో ఎందరికి సోకింది అన్నది ఢిల్లీలోనో ముంబైలోనో కూర్చుని రాయగలిగేది కాదు. అచ్చయిన పేపర్ల కీవర్డుల్లో మాత్రం డయాలసిస్ మాట ఎక్కడా లేదు. మ్యాప్ వేస్తే ఉన్నదే కనబడుతుంది, లేనిది కనబడదు.

అచ్చయినవాటికి ప్రతిదానికీ మూడు ప్రశ్నలు వేశాం. రోగులు ఎవరి రోగులు? మొదటి రచయిత గానీ కరస్పాండింగ్ రచయిత (పేపర్ గురించి పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపేవారు) గానీ మనవారేనా? ఏ రకం పేపర్? మూడోది ఎందుకంటే, అధ్యాపకుల ప్రమోషన్లకు సంబంధించిన జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) 2022 నిబంధనలు అసలు పరిశోధనలు, మెటా అనాలిసిస్, సిస్టమాటిక్ రివ్యూ, కేస్ సిరీస్‌లనే లెక్కలోకి తీసుకున్నాయి. ఎడిటర్‌కు రాసిన లేఖలు వాటిలో లేవు. నేనూ, కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకరూ విడివిడిగా ప్రతి పేపర్‌నూ ఈ ప్రశ్నల ప్రకారం వర్గీకరించి పోల్చుకున్నాం. తేడా వచ్చిందల్లా సర్వేల దగ్గరే. సొంత విద్యార్థుల మీద చేసిన సర్వే ‘సొంత డేటా’ అవుతుందా? ఆయన అవుతుందన్నారు. నేను వాటికి వేరే గడి పెట్టాలన్నాను. గడి పెట్టాం. ఆ గడిలో పడ్డ పేపర్లు చూశాక ఆయనే నవ్వారు.

సైటేషన్లను ఒకే నెలలో వచ్చిన, ఒకే రకం పేపర్లతో మాత్రమే పోల్చాను. పబ్‌మెడ్‌లో ఉన్నవాటికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ వారి ఐసైట్ వెబ్‌సైట్ ఉచితంగా ఇచ్చే రిలేటివ్ సైటేషన్ రేషియో (అదే రంగంలోని, అదే కాలపు పేపర్లతో పోల్చిన సైటేషన్ల నిష్పత్తి) కూడా చూశాను. పబ్‌మెడ్‌లో లేనివాటికి ఆ విలువ ఉండదు కాబట్టి దాన్ని సహాయక సమాచారంగానే ఉంచాను. ఆలస్యంగా వచ్చిన పేపర్లను అదే నెల పేపర్ల పక్కన పెడితే, మొదట అనిపించినంత వెనకబడిలేవు.

రిట్రాక్షన్ల (అచ్చయ్యాక ఉపసంహరించుకున్న పేపర్ల) తనిఖీ కూడా చేశాను. పేపర్ల శాశ్వత గుర్తింపు సంఖ్యలను (డీఓఐ) నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ 2023లో రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను తీసుకుని అందరికీ తెరిచాక ఈ పని సులువైంది. ఈ ఆసుపత్రి పేపర్లేవీ అందులో లేవు. వాళ్లు ఉటంకించినవాటిలో మాత్రం హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద 2020 మే 22న లాన్సెట్‌లో వచ్చి, జూన్ 4న ఉపసంహరించుకున్న, సర్జిస్ఫియర్ అనే కంపెనీ డేటాతో రాసిన పేపర్ ఒకచోట రుజువుగా కనిపించింది. తప్పు పట్టకుండా ఫుట్‌నోట్‌గా రాశాను.

ఏం మారింది, ఏం తెలిసింది

న్యాక్ ఫైల్‌లోకి మూడు పట్టికలు వెళ్లాయి: సొంత రోగుల పేపర్లు, భాగస్వామ్య అధ్యయనాలు, సర్వేలూ లేఖలూ. మొదటిది అన్నింటికంటే చిన్నది. దాన్నే ముందు పెట్టాలని డీన్ గారు అన్నప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. సాధారణంగా పెద్ద సంఖ్యే ముందు పెట్టమంటారు. ప్రచురణ ఫీజుల కోసం ఉంచిన డబ్బులో ఎక్కువ భాగాన్ని స్టాటిస్టీషియన్ గంటలకు, పాత కేస్ షీట్ల డేటా ఎంట్రీకి మళ్లించారు. ఆగిపోయింది రాసే దగ్గర కాబట్టి డబ్బు అక్కడికే వెళ్లాలన్న వాదన రిజిస్టర్ వల్లే నిలబడింది.

స్థానికంగా అవసరమైన పరిశోధనను కాపాడుకోవాలని 2015 నాటి లైడెన్ మ్యానిఫెస్టో (పరిశోధనను సంఖ్యలతో కొలిచేవారికి రాసిన మార్గదర్శకాలు) ఒక సూత్రంగా చెప్పింది. రిపోర్టులో ఆ సూత్రం ప్రస్తావించాను గానీ, మీటింగులో ఒప్పించింది అది కాదు, ఆ డయాలసిస్ థీసిస్.

ఇలాంటి పని ఎవరికైనా వస్తే నేను చెప్పేది: స్కోపస్ తెరవడానికి ముందు ఎథిక్స్ కమిటీ సెక్షన్‌కు వెళ్లండి. అడిగినవారికి ఈ లెక్కతో ఏ నిర్ణయం తీసుకోవాలో ముందే రాయించుకోండి, ఎందుకంటే ఫైల్ కోసం చేసే లెక్క, డబ్బు పంచడానికి చేసే లెక్క ఒకటి కావు. పేపర్లు వందల్లోపే అయితే సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా చదివేయండి. స్థానికంగా తొలి కేసు తేదీని పట్టికలో ఒక గడిగా పెట్టండి. పేపర్ల మీద రాసిన చాలా రిపోర్టుల్లో ఈ గడి ఉండదు. అది లేకుండా ఒక ఊరి ఆసుపత్రిని మరో ఊరి ఆసుపత్రితో పోల్చడం నాకు సమ్మతం కాదు.

తేలనిది ఒకటి ఉంది. ఆ సర్జన్ గారి భాగస్వామ్యానికి ప్రమోషన్ ఫైల్‌లో ఎంత విలువ ఇవ్వాలన్నది. ఆ 2022 నిబంధనల ప్రకారం రచయితల్లో మొదటి ముగ్గురిలో ఉండాలి, లేదా కరస్పాండింగ్ రచయిత అయ్యుండాలి. ఆయన రెండూ కారు. పంపిన రోగుల సంఖ్యతో ఒక సర్టిఫికెట్ రీసెర్చ్ సెల్ ఇచ్చింది. దాన్ని కమిటీ ఎలా తీసుకుంటుందో చూడాలి. ఎథిక్స్ కమిటీ రిజిస్టర్‌లో మాత్రం కొత్తగా రెండు గడులు చేరాయి: ‘ప్రచురణ అయిందా’, ‘డీఓఐ’. మొదటి గడిలో గుమస్తా గారు ఇప్పటికి ఎక్కువగా ‘లేదు’ అనే రాస్తున్నారు.